ఉంగరపు వేలి రాజీనామా

మొన్న డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్ళాం. వాళ్ళమ్మాయి శ్రియకి ఇరవై రెండేళ్ళు. కాలేజీ పూర్తయింది, మంచి ఉద్యోగం చేతిలో ఉంది. ఆ ఉద్యోగంలో చేరనని, గిటార్ వాయించి బతుకుతానని ఇంట్లో ప్రకటించిందట. వాళ్ళమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, గారెల పిండి అంటిన చేతులతోనే దణ్ణం పెట్టింది.

"అన్నయ్యగారూ, మీరు చెప్తే వింటుంది. కొంచెం భయపెట్టండి."

"ఏమని భయపెట్టను?"

"కొత్తగా ఏమీ కల్పించక్కర్లేదు. మీరు పడ్డవి చెప్పండి, చాలు."

శ్రియ ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని ఒక గంటసేపు నేను పడ్డవన్నీ చెప్పాను. ఆ పిల్ల భయపడలేదు సరికదా, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"అంకుల్, ఇదంతా మీరు రాయాలి. నేను స్లోగా చదువుతాను. కానీ లెక్చర్ వద్దు, ఓకే?"

ఓకే అన్నాను. అందుకని రాస్తున్నాను. నేనెక్కడ వాయించాను, ఎవరు శాలువా కప్పారు, ఎన్ని రికార్డులు వచ్చాయి అన్నవి ఇందులో ఉండవు. అవి తెలుసుకుని ఈ పని నేర్చుకున్నవాళ్ళు నాకు తగల్లేదు. లెక్చర్ మాత్రం అక్కడక్కడ తగులుతుంది. డెబ్భై ఏళ్ళు దాటినవాణ్ణి, ఆపుకోలేను.

గురువులు

ముందు పనేమిటో చెప్పాలి. గిటార్ అనగానే చాలామందికి చిన్న ప్లాస్టిక్ బిళ్ళతో తీగలు గీకడం గుర్తొస్తుంది. మాది అది కాదు. మేం వేళ్ళతోనే వాయిస్తాం. కుడిచేతి బొటనవేలు కింది స్వరాల్లో లయ నడుపుతూ ఉంటుంది. చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు పైన పాట పలికిస్తూ, మధ్యలో ఖాళీలు నింపుతాయి. చిటికెన వేలు ఖాళీగా కూర్చుని చూస్తుంది. వాయించేవాడు ఒక్కడే అయినా, కళ్ళు మూసుకుని వింటే ముగ్గురున్నట్టు వినపడాలి. అదీ పని.

నేను విశాఖపట్నంలో రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. మా పిన్ని వీణ వాయించేది. తీగని పక్కకి లాగి ఒక స్వరాన్ని ఇంకో స్వరంలోకి నడిపించడం ఆవిడ దగ్గర చూశాను. రెండు ఇళ్ళ అవతల డెస్మండ్ గారని రిటైరైన రైల్వే గార్డు ఉండేవారు. ఆయన దగ్గరొక గిటార్ ఉండేది. దానికి ఉండాల్సినవి ఆరు తీగలు, ఉన్నవి అయిదు. ఆరో తీగ మద్రాసు నుంచి రావాలి. నేను నేర్చుకున్న నాలుగేళ్ళూ అది వస్తూనే ఉంది. "అక్కడ తీగ ఉందనుకుని వాయించు బాబూ" అనేవారు. నేను లేని తీగ మీద నాలుగేళ్ళు సాధన చేశాను. మొదటిసారి ఆరు తీగలున్న గిటార్ పట్టుకున్నప్పుడు ఆ ఆరోది అడ్డంగా అనిపించింది.

ఇద్దరు గురువులకీ ఒకరి సంగీతం ఒకరికి గిట్టేది కాదు. డెస్మండ్ గారి వాయింపు పెనం మీద అట్లకాడ గీకినట్టుంటుందని పిన్ని అనేది. మీ పిన్ని ప్రతి స్వరాన్నీ బుజ్జగించి పంపిస్తుంది, ఈలోగా రైలు వెళ్ళిపోతుంది అని ఆయన అనేవారు. ఇద్దరూ నిజమే చెప్పారని అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

తర్వాత ఎలక్ట్రికల్‌లో ఎమ్మెస్, డెబ్భైల చివర కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో చిప్‌లు టెస్ట్ చేసే ఉద్యోగం. లంచ్ టైమ్‌లో పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని సాధన చేసేవాణ్ణి. డ్రైవర్ సీటులో స్టీరింగ్ అడ్డం కాబట్టి రోజూ పక్క సీటులో కూర్చునేవాణ్ణి. నాకు డ్రైవింగ్ రాదని, ఎవరో వచ్చి తీసుకెళ్ళాలని, పాపం ఆయనెప్పుడూ ఆలస్యమని ఆఫీసులో ఏడాదిపాటు అనుకున్నారు. ఒకాయన జాలిపడి, "ఎక్కడికెళ్ళాలి? నేను డ్రాప్ చేస్తాను" అన్నాడు కూడా.

గ్లోరియా గారి రెస్టారెంట్

సంగీతంలో నా మొదటి బాస్ పేరు గ్లోరియా. ఊరి చివర, మందపాటి మాంసం ముక్కలు కాల్చి వడ్డించే స్టేక్ రెస్టారెంట్ నడిపేది. శనివారం సాయంత్రాలు మూలన స్టూల్ మీద కూర్చుని వాయించే పని ఇచ్చింది. నా పేరు కామేశ్వరరావు. ఆవిడ నోరు తిరగక కష్టపడుతుంటే, "కామీ అనండి చాలు" అన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"బాబూ, ఈ దేశంలో ఆ పేరు చెప్పుకోకు. కమ్యూనిస్టు అనుకుంటారు. ఇవాళ్టి నుంచి నీ పేరు రే."

అలా రే రావునయ్యాను. ఇప్పటికీ నా రికార్డుల మీద అదే పేరు.

మూడో శనివారం నేను తెగించి వాయించాను. డెస్మండ్ గారి దగ్గర నేర్చుకున్న ఒక గెంతుల పాటకి మూడు రెట్లు వేగం పెంచి, వేళ్ళు కనపడనంతగా పరిగెత్తించాను. జనం చేతుల్లో ఫోర్కులు గాల్లో ఆగిపోయాయి. అయ్యాక పెద్దగా చప్పట్లు. గ్లోరియా నన్ను వంటింటి తలుపు దగ్గరికి పిలిచింది. పొగుడుతుందనుకుని కొంచెం సిగ్గుపడుతూ వెళ్ళాను.

"రే, జనం నమలడం ఆపేశారు."

"థాంక్యూ" అన్నాను.

"థాంక్యూ ఏమిటి? నేను కంప్లైంట్ చేస్తున్నాను. స్టేక్‌లు చల్లారిపోయాయి. రెండు ప్లేట్లు వెనక్కొచ్చాయి. ఇది నీ కచేరీ కాదు, వాళ్ళ భోజనం."

ఆ రాత్రి నాకు కోపంతో నిద్ర పట్టలేదు. వారం గడిచాక మాత్రం, సరే చూద్దామని, జనం నమిలే వేగాన్ని గమనించడం మొదలుపెట్టాను. నిజంగానే ఒక లయ ఉంది. స్టేక్‌కి ఒకటి, ఉడికించిన బంగాళాదుంపకి ఇంకొకటి. ఆ లయకి కాస్త వెనకగా వాయిస్తే మాటలు నెమ్మదిస్తాయి, భుజాలు దిగుతాయి, ఇంకో కాఫీ తెమ్మంటారు. ఏ సంగీత కళాశాలలోనూ చెప్పని విద్య అది. ఎదుటివాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారో చూసి వాయించడం. నాకు విద్య అబ్బింది కానీ బుద్ధి రాలేదు. అవకాశం దొరికితే జనం నమలడం ఆపించాలనే నా కోరిక.

ఆవిడ దగ్గరే ఇంకోటి నేర్చుకున్నాను. కుడిచేతి గోళ్ళు మాకు పనిముట్లు. గోరు విరిగితే తీగ పలకదు. ఒక శనివారం మధ్యాహ్నం ఆవకాయ సీసా మూత తిప్పబోయి మధ్యవేలి గోరు విరగ్గొట్టుకున్నాను. అప్పట్లో గిటారిస్టులకి తెలిసిన వైద్యం ఒకటే. పింగ్‌పాంగ్ బంతిని గోరు ఆకారంలో కత్తిరించి, సూపర్ గ్లూతో అతికించుకోవడం. నేను కంగారులో మధ్యవేలికి గోరుని, ఆ వేలికి చూపుడు వేలిని కూడా అతికించేసుకున్నాను.

మా ఆవిడ ఇందిర డాక్టరు. అప్పుడు పిల్లల వైద్యంలో రెసిడెన్సీ ట్రైనింగ్ చేస్తోంది. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా చెయ్యి చూసింది.

"ఏమండీ, ఇవాళ వార్డులో మూడేళ్ళ కుర్రాడు ఇదే చేసుకొచ్చాడు."

"మరేం చేశారు?"

"వాడు ఏడవలేదు. మీరూ ఏడవకండి" అని గోళ్ళరంగు తుడిచే అసిటోన్ తెచ్చి విడదీసింది.

ఆ తొందరలో గోరు మళ్ళీ సరిగ్గా అంటుకోలేదు. ఆ సాయంత్రం మంచి ఊపులో ఉండగా అది ఊడి, గాల్లోకి లేచి, దగ్గర టేబుల్ దగ్గరున్న పెద్దావిడ సూప్‌లో పడింది. ఆవిడ స్పూన్‌తో దాన్ని పైకి తీసి దీపం వెలుగులో పరీక్షిస్తోంది. గ్లోరియా ఎక్కణ్ణుంచి వచ్చిందో, "అయ్యో, ఉల్లిపాయ పొర" అని స్పూన్‌తో సహా తీసుకెళ్ళిపోయింది. పై శనివారానికి నా స్టూలు ఆరడుగులు వెనక్కి జరిగింది.

శ్రియా, నీ బ్యాగ్‌లో ఎప్పుడూ రెండు గోళ్ళు ఎక్స్‌ట్రా పెట్టుకో. ఊరగాయ సీసాలు మీ అమ్మ చేత తీయించు.

క్షౌరశాలలో పాఠం

రెసిడెన్సీ అయ్యాక ఇందిరకి ఆర్కాన్సా రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. బెంటన్‌విల్‌కి అరగంట దూరంలో చిన్న ఊరు. ఆ ఊళ్ళో పిల్లల డాక్టర్ లేరు. చిప్ కంపెనీలు అసలే లేవు. "కళ కోసం ఇంజనీర్ ఉద్యోగం వదిలేశాడు" అని నా గురించి రాసినవాళ్ళున్నారు. నేను వదిలింది మా ఆవిడ ఉద్యోగం వల్ల. ఇందిర మాత్రం కారులో సామాను సర్దుతూ ఒక మాటంది.

"అక్కడ ఎలాగూ మీకు ఉద్యోగం దొరకదు. ఆ గిటారేదో సరిగ్గా వాయించండి. మధ్యలో ఇంకేదో వెతుక్కోకండి."

అంతకంటే పెద్ద ఆశీర్వచనం ఎవరూ ఇవ్వలేదు నాకు.

ఆ ఊళ్ళో క్షవరం చేయించుకోవడానికి వెళ్తే అక్కడ ఎర్ల్ ఉన్నాడు. అరవై దాటిన మనిషి, పెద్ద పొట్ట, దానికి తగ్గ నవ్వు. కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు గోడకున్న గిటార్ దించి వాయిస్తాడు. ఆ బొటనవేలు మోగించే లయ గడియారంలా నడిచేది. పైన పాట తీరిగ్గా, వరండాలో కూర్చుని పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు సాగేది. నేను సగం క్షవరంతో కుర్చీలో ఉండగానే, "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి" అని తీసుకుని నా మూడు రెట్ల వేగం పాట వాయించాను. ఎర్ల్ కత్తెర పట్టుకుని ఓపిగ్గా విన్నాడు.

"బాగుంది. కుక్కలు తరుముతున్నాయా?"

"అంటే?"

"ఎక్కడా కూర్చోవేం? అంత పరుగెందుకు?"

నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ ఊళ్ళో గిటార్ వాయించేవాడు ఇంకొకడు లేడు. క్షవరం చేసేవాడూ ఇంకొకడు లేడు. వారానికోసారి వెళ్ళేవాణ్ణి. రెండు వారాలు నన్ను బొటనవేలితో తప్ప వాయించనివ్వలేదు. "ముందు నేల గట్టిగా ఉండాలి, గోడలు తర్వాత" అనేవాడు. మూడేళ్ళు అలా వెళ్ళాను. నా తల మీద జుట్టుకి ఎన్నడూ అంత శ్రద్ధ జరగలేదు. ఆయన చెప్పిన లయ నేర్చుకుని, దాని మీద నా వేగాన్ని పెట్టాను. నేర్పింది అందుకు కాదని తెలుసు. తెలిసే పెట్టాను.

తూర్పు సుడిగాలి

ఆ వేగం విని డాలస్ నుంచి మార్టీ అనే ఏజెంట్ వచ్చాడు. చురుకైనవాడు, మాటకారి. పోస్టర్ల మీద నన్ను "తూర్పు నుంచి వచ్చిన సుడిగాలి" అని వేయించాడు.

"నేను ఆర్కాన్సా నుంచి కదా వస్తున్నాను" అన్నాను.

"మ్యాప్ చూడు. డాలస్‌కి అది తూర్పే."

వాదించలేకపోయాను. జరీ కుర్తా కుట్టించాడు. స్టేజీ మీద నా కుడిచేతి మీద మాత్రమే పడేలా ఒక దీపం పెట్టించాడు. మొహం చీకట్లో, చెయ్యి వెలుగులో. హాళ్ళు నిండాయి. జనం బైనాక్యులర్లు తెచ్చుకునేవారు. ఒక ఊళ్ళో ముందు వరసలో ఒకాయన స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాడు. కచేరీ అయ్యాక తెర వెనక్కొచ్చి, "పోయినసారి కంటే రెండు సెకన్లు ఆలస్యం చేశారు, ఒంట్లో బాగాలేదా?" అని పరామర్శించాడు. ఆ పాట ఎలా ఉందని అడిగాను. "ఏ పాట?" అన్నాడు.

నాకు అప్పుడైనా తెలియాలి. తెలియలేదు. రెండు సెకన్లు తగ్గించడానికి రోజుకి ఇంకో రెండు గంటలు సాధన పెంచాను.

మనవాళ్ళ దగ్గర పరిస్థితి వేరు. టెక్సాస్‌లో ఉగాదికి పిలిచారు. మైకు పట్టుకున్నాయన నన్ను పరిచయం చేస్తూ, "పాశ్చాత్య వీణ విద్వాంసులు" అన్నాడు. నేను రెండు వాయించగానే ముందు వరస నుంచి చీటీ వచ్చింది. "సినిమా పాట ఏదైనా ప్లీజ్. పులిహోర వడ్డిస్తున్నారు." భోజనాల దగ్గర ఒక పెద్ద డాక్టర్ గారు ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేశారు.

"చాలా బాగా వాయించారండీ. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"ఇదేనండీ. గిటార్ వాయిస్తాను."

"అది సరే. వర్క్?"

"ఇదే వర్క్."

ఆయన ఇందిర వైపు తిరిగి, ఎంతో మెల్లగా, "అమ్మా, అక్కడ హాస్పిటల్‌లో పని ఎక్కువా?" అని అడిగారు.

రాజీనామా

ఎనభైల నడుమ ఒక ఉదయం సాధన చేస్తుంటే నా ఉంగరపు వేలు తీగ దగ్గరికి వెళ్ళకుండా, అలిగిన కొత్తల్లుడిలా అరచేతిలోకి ముడుచుకుని కూర్చుంది. నొప్పి లేదు. వాపు లేదు. చెయ్యి విదిలించి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ముడుచుకుంది. గిటార్ పక్కన పెడితే మామూలే. చొక్కా గుండీలు పెడుతుంది, అన్నం కలుపుతుంది, పెన్ను పట్టుకుంటుంది. గిటార్ ఒళ్ళోకి రాగానే లోపలికి పోతుంది.

ఇక్కడ నేను నా వృత్తి జీవితంలోకెల్లా పెద్ద తప్పు చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని ఆర్నెల్లు దాచాను. సాధన పెంచితే పోతుందనుకున్నాను. పెంచినకొద్దీ వేలు ఇంకా గట్టిగా ముడుచుకుంది. రబ్బర్ బ్యాండ్‌తో వెనక్కి కట్టి చూశాను. ఇందిర ఎప్పుడైనా తొంగిచూస్తే గోరు విరిగిందనేవాణ్ణి. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ ముద్ద ఆపింది.

"ఆర్నెల్లలో మీ గోరు పద్నాలుగు సార్లు విరిగింది. క్యాల్షియం టెస్ట్ రాయనా, లేక నిజం చెప్తారా?"

చెప్పేశాను. చెప్తూ ఏడ్చాను కూడా. ఆవిడ మందలించలేదు. గిటార్ తెమ్మంది, వాయించమంది, గంటసేపు చూసింది. తర్వాత నన్ను వరసగా ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళింది. మొదటాయన ఎక్స్‌రే తీసి చెయ్యి దివ్యంగా ఉందన్నాడు. రెండో ఆయన విశ్రాంతి అన్నాడు. మూడో ఆయన మానసిక వైద్యుడు, చాలాసేపు నా కళ్ళలోకి చూసి, "మీ అమ్మగారి మీద మీకు కోపం ఉందా?" అని అడిగాడు. ఆ రోజు వరకూ లేదు.

చివరికి ఇందిరే లైబ్రరీలో కూర్చుని, పాత వైద్య పత్రికలు తిరగేసి, ఒక సాయంత్రం వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"వేలికి జబ్బేమీ లేదండీ. ఒకే పని లక్షసార్లు చేయిస్తే మెదడు ఆ వేలికి పంపే ఆర్డర్ కలగాపులగం అయిపోతుంది. రాసి రాసి గుమస్తాలకి వచ్చేదట. పియానో వాళ్ళకీ వస్తుందట."

"తగ్గుతుందా?"

పేషెంట్ల తల్లిదండ్రులతో ఆవిడ ఎలా మాట్లాడుతుందో ఆ రోజు తెలిసింది. "తగ్గినట్టు ఎవరూ రాయలేదు" అంది.

మార్టీకి ఫోన్ చేసి ఒప్పుకున్న కచేరీలన్నీ రద్దు చేయమన్నాను. అతను చాలా బాధపడ్డాడు. "మిగతా వేళ్ళు అంతే వేగంగా ఉన్నాయా?" అని అడిగాడు. లేవన్నాను. తర్వాత అతని నుంచి ఫోన్ రాలేదు. నేనతన్ని తప్పుపట్టను. అతను అమ్మింది సుడిగాలిని. అది ఆగిపోయింది.

గిటార్ పెట్టెలో పెట్టేశాను. నాలుగు నెలలు ముట్టుకోలేదు. ఇంట్లో అన్నీ బాగు చేశాను, బాగున్నవి కూడా. ఒకరోజు ఇందిర అద్దం ముందు నిలబెట్టి, "ముందు క్షవరం చేయించుకు రండి. నా పేషెంట్ పిల్లలు జడుసుకుంటున్నారు" అని తరిమింది.

ఎర్ల్ కుర్చీలో కూర్చోబెట్టి గుడ్డ కప్పాడు. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని అడిగాడు. చెయ్యి చూపించి సంగతంతా చెప్పాను. దువ్వెనతో నా వేళ్ళు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు.

"ఎన్ని పనిచేస్తున్నాయి?"

"బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు. అంతే."

"అయితే నాకంటే ఒకటి ఎక్కువే."

నాకు అర్థం కాలేదు. ఎర్ల్ గోడకున్న గిటార్ దించి ఎప్పటి పాటే వాయించాడు. కళ్ళప్పగించి చూశాను. బొటనవేలు, చూపుడు వేలు. ఆ రెండే కదులుతున్నాయి. మిగతా మూడూ గిటార్ చెక్క మీద ఆనించి ఉన్నాయి. ఆ సంగీతమంతా రెండు వేళ్ళది. మూడేళ్ళు వారం వారం ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఒక్కసారీ గమనించలేదు. నాకు తెలిసిందల్లా ఆయన నా అంత వేగంగా వాయించలేడని.

"ఇది నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"కళ్ళున్నవాడికి ఏం చెప్తాం?" అన్నాడు ఎర్ల్. తర్వాత నా క్షవరం సంగతి మర్చిపోయి ఇంకో పాట వాయించాడు.

మంచు పడ్డ ఆదివారం

రెండేళ్ళు పట్టింది. నా పాటలన్నీ విప్పి, మూడు వేళ్ళకి సరిపోయేలా మళ్ళీ కుట్టుకున్నాను. సగం స్వరాలు తీసేయాల్సి వచ్చింది. తీసేసిన వాటిలో చాలావాటికి అక్కడ పనేమీ లేదని తీశాకే తెలిసింది. కొన్నిటికి ఉంది. వాటి కోసం ఇప్పటికీ బాధపడతాను. లోపం వచ్చి సంగీతం బాగుపడింది అని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళకి ఆ లోపం వచ్చి ఉండదు.

మా ఊరి కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం కచేరీ పెట్టుకున్నాను. పోస్టర్ మీద పేరు మాత్రమే వేయించాను. ముందు రోజు వాన పడి, అది పడ్డచోటే గడ్డకట్టింది. రోడ్లన్నీ గాజుపలకల్లా ఉన్నాయి. ఇందిరకి హాస్పిటల్‌లో డ్యూటీ. ఎర్ల్ ఫోన్ చేసి, "వాకిట్లోనే జారిపడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను. ఇక రాను" అన్నాడు. మా ఇల్లు రెండు వీధుల అవతలే కాబట్టి నేను గిటార్ పెట్టెని చేతికర్రలా ఆనించుకుంటూ నడిచి వెళ్ళాను.

హాల్లో ముగ్గురున్నారు. ఒకాయన హాలు చూసుకునే డేల్. మిగతా ఇద్దరు డెబ్భై దాటిన భార్యాభర్తలు. ఓవర్‌కోట్లతో, గమ్‌బూట్లతో, మూడో వరసలో బుద్ధిగా కూర్చుని ఉన్నారు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి మనుషుల ముందు వాయించడం. ముగ్గురైనా ముగ్గురే. స్టేజీ ఎక్కకుండా వాళ్ళ ముందే కుర్చీ వేసుకున్నాను.

"ఈ మంచులో వచ్చినందుకు చాలా థాంక్స్" అన్నాను.

"మిస్ పెగ్గీ ఇంకా రాలేదా?" అన్నాడు పెద్దాయన.

"మిస్ పెగ్గీ ఎవరు?"

"డాన్స్ టీచర్. ఆదివారం మాకు డాన్స్ క్లాసు."

డేల్ గొంతు సవరించుకున్నాడు. "వెర్నన్, మీ క్లాసు క్యాన్సిల్ చేశారు. ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు. ఇవాళ ఇతని గిటార్ ప్రోగ్రామ్."

వెర్నన్ భార్య వైపు చూశాడు. ఆవిడ పేరు లోయిస్. బయట మంచు వైపు చూసింది. మళ్ళీ ఆ దారిన అప్పుడే వెళ్ళాలంటే ఆవిడకి ధైర్యం చాలలేదనుకుంటాను. "విందాంలే. చాలాసేపు ఉంటుందా బాబూ?" అని నన్ను అడిగింది. ఉండదన్నాను.

మొదటి పాటలో ఒకచోట చెయ్యి జారింది. ఉంగరపు వేలు అలవాటు కొద్దీ లేచి, గుర్తొచ్చి ముడుచుకుంది. తలెత్తి చూస్తే వెర్నన్ చేతి తొడుగు సరిచేసుకుంటున్నాడు. రెండో పాట కొంచెం నిలబడింది. మూడోది మెల్లగా, మూడేసి దెబ్బలతో ఊగుతూ నడిచే పాట. తీసేసిన స్వరాల మధ్య నుంచి ఆ శీతాకాలంలోనే నాకు దొరికింది. నాలుగు వరసలు వాయించేసరికి లోయిస్ చెయ్యెత్తింది. ఆపేశాను. అయిపోయింది, ఇంటికి వెళ్తామంటుంది అనుకున్నాను.

"ఈ కుర్చీలు కొంచెం జరపొచ్చా?" అంది.

డేల్, వెర్నన్ కలిసి రెండు వరసలు పక్కకి లాగారు. ఇద్దరూ ఓవర్‌కోట్లు తీసి కుర్చీల మీద పడేశారు. బూట్లు మాత్రం తీయలేదు. వెర్నన్ ఆవిడ నడుము మీద చెయ్యి వేసి, నా వైపు తల ఊపాడు. నేను మొదలుపెట్టాను.

వాళ్ళకి డాన్స్ పెద్దగా రాదు. క్లాసు ఎందుకు కావాల్సి వచ్చిందో తెలుస్తూనే ఉంది. వెర్నన్ అడుగు తప్పినప్పుడల్లా లోయిస్ "ఒకటీ, రెండూ, మూడూ" అని లెక్కపెడుతోంది. ఆ లెక్క ఎక్కడ జారితే అక్కడ నేను ఆగి, వాళ్ళు కాలు దించేదాకా స్వరం పట్టుకుని, వాళ్ళతో పాటు దిగాను. గమ్‌బూట్లు నేల మీద కిర్రుకిర్రుమంటున్నాయి. కాసేపటికి ఆవిడ లెక్కపెట్టడం మానేసింది. ఆయన భుజం మీద చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. డేల్ చీపురు గోడకి ఆనించి, తలుపు దగ్గర నిలబడి వాళ్ళనే చూస్తున్నాడు. ఆ హాల్లో నా చేతిని చూస్తున్నవాళ్ళు ఒక్కరూ లేరు. కొంతసేపటికి నేను కూడా చూడ్డం మానేశాను.

పాట చివరికొచ్చింది. ఆఖరి స్వరం అణిగిపోయేదాకా తీగ మీద చెయ్యి వేయలేదు. వాళ్ళిద్దరూ హాలు మధ్యలో ఒకరి చేతుల్లో ఒకరు అలాగే నిలబడి ఉన్నారు.

"ఆపేశావేం బాబూ?" అంది లోయిస్, కళ్ళు తెరవకుండానే.

మళ్ళీ మొదలుపెట్టాను.